పల్లె నియోజకవర్గం ఎంపీ: గేటు దగ్గర అర్జీ నుంచి సభలో ప్రశ్న దాకా

నరసన్నపేట దగ్గర పల్లెలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "ఎంపీకి నిజంగా ఏం పని ఉంటుంది? ఎమ్మెల్యేకి ఉన్నంత పవర్ ఎంపీకి లేదంటారు, నిజమేనా? మాలాంటి ఊళ్ల నుంచి అక్కడిదాకా ఎలా వెళ్తారు? వెళ్లాక ఆ బతుకు ఎలా ఉంటుంది?"

తమ్ముడూ, నేను ఉత్తరాంధ్రలో ఇద్దరు ఎంపీల ఆఫీసుల్లో కలిపి పద్నాలుగేళ్లు పనిచేశాను. ఎవరి దగ్గరన్నది చెప్పను. అర్జీలు తీసుకోవడం, ఉత్తరాలు రాయడం, ప్రశ్నలు తయారు చేయడం, ఫైళ్ల వెంట తిరగడం నా పని. అందుకే వేదికల మీద కనిపించే ఎంపీ గురించి కాకుండా ఆ పని గురించి చెబుతాను.

ముందు పవర్ సంగతి. ఊళ్లో మనిషికి రోజూ కావలసినవి పెన్షన్, రేషన్ కార్డు, ఇంటి స్థలం, పాస్‌బుక్‌లో తప్పు, పోలీస్ స్టేషన్‌లో గొడవ. ఇవన్నీ రాష్ట్రం చేతిలో ఉంటాయి. ఊళ్లో సచివాలయం, తహశీల్దార్, ఆ పైన ఎమ్మెల్యే. ఎంపీ చూసేవి రైళ్లు, నేషనల్ హైవే, పోస్టాఫీసు, బ్యాంకులు, పాస్‌పోర్టు, కేంద్ర పథకాల డబ్బు, చట్టాలు. ఇందులో ఏదీ ఆయన ఒక్క సంతకంతో అయిపోయేది కాదు. అడగాలి, రాయాలి, వెంటపడాలి. గేటు దగ్గర నిలబడ్డ మనిషి తన మాటల్లో చెప్పిన కష్టాన్ని ఢిల్లీలో ఏ శాఖ ముందు ఎలా పెడితే కదులుతుందో తెలుసుకుని అలా పెట్టడం, అది కదిలేదాకా వదలకపోవడం. ఎంపీ పని అంటే నాకు అర్థమైంది ఇదే. ఇది చేసే ఎంపీకి పవర్ ఉంటుంది, చెయ్యని ఎంపీకి ప్రోటోకాల్ మాత్రమే ఉంటుంది.

ఒక లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. శ్రీకాకుళానికైతే ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, పాతపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట. విజయనగరానికి ఎచ్చెర్ల, రాజాం, బొబ్బిలి, చీపురుపల్లి, గజపతినగరం, నెల్లిమర్ల, విజయనగరం. ఇందులో ఎచ్చెర్ల సెగ్మెంటు శ్రీకాకుళం జిల్లాలో ఉంది. రణస్థలం మనిషికి కలెక్టర్ శ్రీకాకుళంలో, ఎంపీ విజయనగరంలో అన్నమాట. 2022లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. ఏ అర్జీ ఏ కలెక్టరేట్‌కి పంపాలో మాకే కొన్ని నెలలు తికమకగా ఉండేది.

పొద్దున్న ఆరింటికే గేటు దగ్గర జనం ఉంటారు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాదాపు 130 కిలోమీటర్లు. అంత దూరం నుంచి వచ్చేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరతారు. కాగితాలు పాలిథిన్ సంచిలో చుట్టి నడుం దగ్గర దోపుకుని వస్తారు. "ఏటి బాబూ, మా గుంటడికి ఎక్కడైనా ఏదైనా పని చూడండి" అని మొదలవుతుంది. ఉద్యోగం, బదిలీ, తిరుమల దర్శనానికి లెటర్, బ్యాంకు లోను. ఒకప్పుడు కేంద్రీయ విద్యాలయంలో సీట్లకు ఎంపీ ఏడాదికి పదిమంది పిల్లలను సిఫారసు చేసేవారు. పది సీట్లకు వందల మంది వచ్చేవాళ్లు. ఆ పది పేర్లు రాసే వారం మా ఆఫీసులో అందరికీ టెన్షనే. 2022లో ఆ కోటా తీసేశారు. నాకైతే మంచే జరిగిందనిపించింది. పది ఇళ్లలో సంతోషం కోసం వందల ఇళ్లకు "లేదు" అని చెప్పిన నోరు ఇది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన అర్జీ ఆసుపత్రిది. క్యాన్సర్, గుండె ఆపరేషన్, కిడ్నీ లాంటి పెద్ద జబ్బులకు ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి సాయం కోసం ఎంపీ ఉత్తరం రాస్తారు. డబ్బు రోగి చేతికి రాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్తుంది. ఆ ఆసుపత్రి జాబితాలో ఉండాలి, ఖర్చు అంచనా కాగితం మీద వాళ్ల సంతకం, సీలు ఉండాలి. సీలు లేదని ఒక కాగితం వెనక్కి వస్తే ఆ పేద మనిషి మళ్లీ విశాఖ వెళ్లి రావాలి. రానూపోనూ ఒక రోజు కూలి, ఛార్జీలు. అందుకే మా దగ్గర ఒక కుర్రాడు ఆ కాగితాలు చూడడానికే ఉండేవాడు. గేటు దగ్గరే తప్పులు పట్టుకుంటే ఒక మనిషికి రెండు వారాలు మిగులుతాయి. జబ్బు మనిషికి రెండు వారాలంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు.

ఉద్దానం గురించి చెప్పకుండా ఈ జిల్లా ఎంపీ పని గురించి చెప్పలేను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషులను తీసుకుపోతోంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కమాటలో తేల్చలేకపోయారు. అక్కడి నుంచి వచ్చే అర్జీలో "మా ఊరిని కాపాడండి" అని ఉంటుంది. అదే మాట సభలో అడిగితే "ప్రభుత్వం అన్ని చర్యలూ తీసుకుంటోంది" అని జవాబు వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది. ప్రశ్న వేయడంలోనే పనంతా ఉంది. ఫలానా మండలాల్లో భూగర్భ జలం ఎన్నిసార్లు పరీక్షించారు, ఏ సంవత్సరాల్లో, ఏమేం తేలింది, అధ్యయనానికి ఎంత డబ్బు విడుదలైంది, అందులో ఎంత ఖర్చయింది? ఇలా అడిగితే శాఖ అంకె చెప్పి తీరాలి. ఆ అంకెను పట్టుకుని తర్వాతి ఉత్తరం రాయొచ్చు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి తాగునీరు పైపుల్లో తీసుకెళ్లే పథకం కూడా వచ్చింది. ఇవి రాష్ట్ర ప్రభుత్వం పెట్టినవి. కానీ అంతకుముందు ఎన్నో ఏళ్లు డాక్టర్లు, ఊరివాళ్లు, విలేకరులు, అన్ని పార్టీల ప్రజాప్రతినిధులు అడుగుతూ వచ్చారు. అడగడం ఆపి ఉంటే ఉద్దానం పేరు బయట ఎవరికీ తెలిసేది కాదు.

సభలో ప్రశ్నల లెక్క కూడా తెలుసుకో. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేని ప్రశ్నలు తీసుకుంటారు. స్టార్ ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద మళ్లీ అడగొచ్చు. రెండోదానికి రాతలో జవాబు వస్తుంది. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసులు ఎక్కువ కాబట్టి లాటరీ తీస్తారు. స్టార్ ప్రశ్న వచ్చినా 11 నుంచి 12 లోపు ఆ నంబరు దాకా సభ వెళ్లకపోవచ్చు, గొడవతో వాయిదా పడొచ్చు. అప్పటికప్పుడు తలెత్తిన విషయాలు చెప్పే జీరో అవర్‌కి కూడా ముందే నోటీసు ఇవ్వాలి, మాట్లాడడానికి దొరికేది ఒకటి రెండు నిమిషాలు. సభ నియమాల్లో 377 నిబంధన కింద చదివిన విషయానికి శాఖ తర్వాత రాతపూర్వకంగా జవాబు ఇస్తుంది. చాలామంది జీరో అవర్ వీడియో చూసి చప్పట్లు కొడతారు. నేను మాత్రం రాతలో వచ్చే జవాబులకే ఎక్కువ విలువ ఇస్తాను. అది కాగితం, దాన్ని ఎవరూ కాదనలేరు. భాష గురించి భయపడకు. సభలో తెలుగులో మాట్లాడవచ్చు, అనువాదం ఉంటుంది.

రైలు హాల్టు ఒక మంచి ఉదాహరణ. "మా స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఆపించండి" అని ప్రతి నెలా అర్జీలే. నేను పనిచేసిన రోజుల్లో కోటబొమ్మాళి, తిలారు లాంటి స్టేషన్ల సంగతి విశాఖలో ఉన్న డివిజన్ ఆఫీసు చూసేది. అదే బారువ, సోంపేట, ఇచ్ఛాపురం అయితే ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్. ఇది తెలియక విశాఖకి రాసిన ఉత్తరాలు ఎన్నో వృథా అయ్యాయి. జిల్లా ఒకటే, రైల్వే డివిజన్లు రెండు. ఆ తర్వాత రైల్వే వాళ్లు అడిగేది టికెట్ల అమ్మకం. హాల్టు ఇచ్చినా ముందు ప్రయోగాత్మకంగా కొన్ని నెలలు ఇస్తారు. ఆ నెలల్లో టికెట్లు తెగకపోతే తీసేస్తారు. అందుకే హాల్టు వచ్చిన రోజు దండలు వేసే ఊరివాళ్లకు మేం చెప్పేది ఒక్కటే: ఎక్కిన ప్రతివాడూ ఆ స్టేషన్‌లోనే టికెట్ కొనండి అని.

ఇక ఎంపీ నిధులు, అంటే ఎంపీ లాడ్స్. దీని మీద ఉన్నన్ని అపోహలు దేనిమీదా లేవు. ఈ పథకం 1993 డిసెంబరులో మొదలైంది. 2011-12 నుంచి ఏడాదికి 5 కోట్లు. ఈ డబ్బు ఎంపీ ఖాతాలోకి రాదు. ఎంపీ పని సిఫారసు చేస్తాడు, కలెక్టర్ మంజూరు చేస్తారు, ఏదో ఒక ప్రభుత్వ ఇంజనీరింగ్ విభాగం కడుతుంది. అందులో 15 శాతం ఎస్సీలు ఉండే చోట, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట పెట్టాలి. కరోనా వచ్చినప్పుడు 2020 ఏప్రిల్ నుంచి 2021 నవంబరు దాకా మొత్తం ఆపేశారు. 5 కోట్లను ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. సెగ్మెంటుకు నాలుగేసి మండలాలు అనుకుంటే మండలానికి 18 లక్షలు కూడా రావు. ఇందులోనే రోడ్డు ముక్క, బడికి ప్రహరీ, కమ్యూనిటీ హాలు, మంచినీళ్ల ప్లాంటు, బస్ షెల్టర్. ప్రతి ఊరూ "మాకేం ఇచ్చారు" అని అడుగుతుంది, అడగడంలో తప్పు కూడా లేదు.

ఈ నిధులతో జరిగిన ఒక పొరపాటు చెబుతాను, ఇది ఇప్పటికీ నా మనసులో ఉంది. తీరం వైపు ఒక ఊరికి శుద్ధి నీళ్ల ప్లాంటు సిఫారసు చేశాం. కట్టారు, ఫోటోలు పంపారు, బిల్లు అయిపోయింది, మా రిజిస్టర్‌లో "పూర్తి" అని నేనే రాశాను. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్తే ఆ గదికి తాళం. కరెంటు కనెక్షన్ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన కరెంటు వాళ్లు పంచాయతీ డబ్బు కట్టలేదన్నారు, పంచాయతీ మాకెవరూ చెప్పలేదంది. ఆ ఊరి ముసలమ్మ ఒకావిడ బిందె చంకన పెట్టుకుని నన్ను చూసి, "ఇల్లు కట్టినారు గానీ నీలు మరిసిపోనారు బాబూ" అంది. ఆవిడ కోపంగా అనలేదు. అదే ఎక్కువ బాధ. ఆ వారంలోనే కనెక్షన్ ఇప్పించాం. అప్పటి నుంచి రిజిస్టర్‌లో "పూర్తి" పక్కన ఇంకో గడి గీశాను, "పనిచేస్తోందా, ఎవరు చూశారు, ఎప్పుడు" అని.

మూడు నెలలకోసారి జిల్లాలో 'దిశ' కమిటీ సమావేశం జరగాలి. ఎంపీ అధ్యక్షుడు, కలెక్టర్ కార్యదర్శి. ఉపాధి హామీ, పల్లె రోడ్లు, ఇళ్లు, తాగునీరు లాంటి కేంద్ర పథకాల మీద అధికారులను అంకెలతో ప్రశ్నించే చోటు అది. శ్రద్ధ ఉన్న ఎంపీ ముందు రాత్రి కూర్చుని ఆ ఫైలంతా చదువుతాడు. లేకపోతే అధికారి చదివింది విని, టీ తాగి, ఫోటో దిగి లేస్తాడు. ఎంపీని అంచనా వేయాలంటే నేను ముందు ఈ సమావేశాల మినిట్స్, అంటే అక్కడ ఎవరేం మాట్లాడారో రాసిన కాగితాలు, చూస్తాను.

ఢిల్లీ పనిలో జనానికి అసలు కనపడనిది స్టాండింగ్ కమిటీలు, బిల్లులు పరిశీలించే కమిటీలు. అక్కడ కెమెరాలు ఉండవు. మన ప్రాంతం నుంచే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కురుపాం రాజకుటుంబానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గారు 2004లో పార్వతీపురం ఎంపీ. అటవీ హక్కుల బిల్లు పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి ఆయన అధ్యక్షుడు. బిల్లులో 1980 అక్టోబరు 25కి ముందు నుంచి అటవీ భూమి సాగులో ఉన్నవాళ్లకే హక్కు అని ఉంది. కమిటీ ఆ తేదీని 2005 డిసెంబరు 13కి మార్చమంది. 2006 చట్టంలో ఆ తేదీయే వచ్చింది. ఒక్క తేదీ మారితే ఎంత తేడానో చూడు. కురుపాం, సీతంపేట కొండల మీద పోడు కొట్టుకునే సవర, జాతాపు గిరిజనులకు పాతికేళ్ల సాగు లెక్కలోకి వచ్చింది. ఒక ఎంపీ మూసిన గదిలో కూర్చుని చేసిన పని అది.

కొన్ని పనులు ఏ ఒక్క ఎంపీ కాలంలోనూ తేలవు, అది కూడా ముందే తెలిసి ఉండాలి. వంశధార నీళ్ల మీద ఒడిశాతో ఒప్పందం 1962 నాటిది. ఆ తగాదా తేల్చే ట్రైబ్యునల్ 2010లో ఏర్పడింది, 2017లో తీర్పు ఇచ్చింది, ఆ తర్వాత కూడా కథ ముగియలేదు. బొడ్డేపల్లి రాజగోపాలరావు గారు 1952 నుంచి మొదలుపెట్టి ఆరుసార్లు శ్రీకాకుళం ఎంపీ. వంశధార ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. ఆరుసార్లు గెలిచిన మనిషి రాజకీయ జీవితం కన్నా ఆ నది సమస్య వయసు పెద్దది.

ఒక్కోసారి మాత్రం పని మనిషి ప్రాణం దగ్గరే ఉంటుంది. మన తీరం నుంచి బతుకుతెరువుకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేసే మత్స్యకారులు కొందరు 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్లకు చిక్కారు. 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఆ ఏడాదికి పైగా కాలం ఆ ఇళ్ల ఆడవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొక్కని గడప లేదు. ఇలాంటప్పుడు ఎంపీ చెయ్యగలిగేది విదేశాంగ శాఖకు పేర్లు, ఆధార్ కాగితాలు, బోటు వివరాలు తప్పు లేకుండా అందించడం, మంత్రిని కలవడం, మళ్లీ కలవడం, ఇంటివాళ్లకు నిజం చెబుతూ ఉండడం. "రేపో మాపో వచ్చేస్తారు" అని అబద్ధపు ధైర్యం చెప్పడం చాలా పెద్ద తప్పు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల శవం తెప్పించే పని కూడా ఇలాంటిదే.

బతుకు ఎలా ఉంటుందని అడిగావు. పార్లమెంటు ఏడాదికి మూడుసార్లు సమావేశమవుతుంది: బడ్జెట్, వర్షాకాలం, శీతాకాలం. శుక్రవారం సాయంత్రం విశాఖలో విమానం దిగి రాత్రికి ఊరు చేరాలి. శని, ఆదివారాలు ఊళ్లు, సోమవారం తెల్లవారుజామున మళ్లీ ఎయిర్‌పోర్టు. ముహూర్తాల రోజుల్లో ఒక్క రాత్రిలో ఇరవై పెళ్లిళ్లు. ఎక్కడా భోజనం చెయ్యడానికి కుదరదు, అన్ని చోట్లా అక్షింతలు వెయ్యాలి. పెళ్లికి వెళ్లకపోయినా క్షమిస్తారు గానీ, చావింటికి పరామర్శకు వెళ్లకపోతే మన పల్లెల్లో మర్చిపోరు. పైడితల్లి సిరిమాను, అరసవల్లి రథసప్తమి సరే సరి. సొంత పిల్లల స్కూలు ఫంక్షన్‌కి మాత్రం నేను పనిచేసిన ఎంపీలు వెళ్లడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎండలో, రాత్రుళ్లు ఆ హైవే మీద తిరుగుడు ప్రమాదం కూడా. శ్రీకాకుళం మాజీ ఎంపీ ఎర్రన్నాయుడు గారు 2012 నవంబరులో రోడ్డు ప్రమాదంలోనే పోయారు. ఆ రోజు పార్టీ భేదం లేకుండా జిల్లా అంతా ఏడ్చింది.

జీతం 2023 ఏప్రిల్ నుంచి నెలకు 1 లక్ష 24 వేలు, నియోజకవర్గం ఖర్చులకు 87 వేలు, ఆఫీసుకు 75 వేలు. వినడానికి ఎక్కువే. గేటు దగ్గరికి రోజూ వచ్చే వందమందికి టీ, బండికి డీజిలు, పెళ్లి చదివింపులు లెక్కేస్తే అది నిలవదు. ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రంలో పరిమితి 95 లక్షలు. ఊళ్లలో ఎన్నికలప్పుడు ఏం జరుగుతుందో నువ్వు చూస్తూనే పెరిగావు. డబ్బు లేనివాడికి టికెట్ కష్టమన్నది నిజం, దాన్ని నేను నీ దగ్గర దాచను.

ఇంకో హద్దు పార్టీ విప్, అంటే సభలో ఇలా ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం విప్ ఇచ్చాక దానికి వ్యతిరేకంగా ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి ఎంపీకి సొంత గొంతు ఎక్కువగా వినిపించేది ప్రశ్నల్లో, కమిటీల్లో, ఉత్తరాల్లోనే.

ఎలా వెళ్తారంటే, దారులు చాలానే ఉన్నాయి. ఎర్రన్నాయుడు గారు కోటబొమ్మాళి మండలం నిమ్మాడ మనిషి. లా చదివి 1983లో హరిశ్చంద్రాపురం ఎమ్మెల్యే అయ్యారు. నాలుగుసార్లు ఎమ్మెల్యే, 1996 నుంచి నాలుగుసార్లు ఎంపీ, కేంద్రంలో గ్రామీణాభివృద్ధి మంత్రి. 2009లో ఓడిపోయారు. ఆయన్ని ఓడించిన కిల్లి కృపారాణి గారు టెక్కలిలో డాక్టర్. ఆ ఐదేళ్లూ విజయనగరం ఎంపీ బొత్స ఝాన్సీ లక్ష్మి గారు. రెండు పక్క పక్క స్థానాల నుంచీ ఒకేసారి ఆడవాళ్లు వెళ్లారు, మన జిల్లాల ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పాలి. రామ్మోహన్ నాయుడు గారు తండ్రి ఎర్రన్నాయుడు గారి తర్వాత 26 ఏళ్లకే 2014లో గెలిచి, 2024లో విమానయాన మంత్రి అయ్యారు. అదే శాఖను అంతకుముందు చూసిన అశోక్ గజపతిరాజు గారు దశాబ్దాలు ఎమ్మెల్యేగా ఉండి, 2014లో మొదటిసారి లోక్‌సభకు వెళ్లారు. పేరున్న ఇల్లు అయితే దారి దగ్గర. లేనివాళ్లకు సర్పంచ్, ఎంపీటీసీ, పార్టీలో మండల బాధ్యత ఇలా మెట్టు మెట్టుగా వెళ్లాలి. స్థానిక ఎన్నికలకు 21 ఏళ్లు, లోక్‌సభకు 25 ఏళ్లు నిండాలి. ఓడాక ఫోన్ మోగడం తగ్గిపోతుంది, దానికి కూడా మనసు సిద్ధం చేసుకోవాలి.

ఏం చదవాలని అడగలేదు గానీ, ఏం చెయ్యాలో చెబుతాను. మీ మండలంలో ఎంపీ నిధులతో జరిగిన పనుల వివరాలు ఎంపీ లాడ్స్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఆ కాగితం పట్టుకుని సైకిల్ మీదైనా సరే ప్రతి పని దగ్గరికీ వెళ్లి చూడు. ఏది పనిచేస్తోంది, దేనికి తాళం పడింది. తాళం పడిన ఒక్కదాని మీద ఒక పేజీ రాయి: ఊరు, పని పేరు, మంజూరైన సంవత్సరం, ఎక్కడ ఆగింది, ఎవరు ఏం చేస్తే కదులుతుంది. అది ఎంపీ ఆఫీసులో ఇచ్చి, రిజిస్టర్ నంబరు రాయించుకో. నెల తర్వాత ఆ నంబరు పట్టుకుని మళ్లీ వెళ్లు.